కారు కొట్టానికి లోపలి గడియ

నా చిన్నప్పుడు నేను పెరిగిన ఇల్లు మా ఇల్లు కాదు. కోడుమూరు పక్కన ఒక పల్లెలో అది మా అమ్మ పుట్టిల్లు. అమ్మకు క్షయ పట్టి, ఎక్కడో దూరంగా కొండల నడుమ ఉన్న ఆస్పత్రిలో చేర్చారు. నాన్నది రైల్వేలో పని, ఈ నెల ఒక ఊరు, వచ్చే నెల ఇంకో ఊరు. నన్ను ఒక బట్టల మూటతో మా తాత దగ్గర దింపి, అమ్మకు నయం కాగానే వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, వేళకు ఇంత సంగటి పెట్టారు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ నన్ను చూసి వెలిగే ముఖం ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది. అది మా చిన్నమ్మది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయిన మూడో ఏడే మొగుడు పోయాడు. పిల్లలు లేరు. అత్తగారింటి వాళ్ళు ఒక ట్రంకు పెట్టెతో బండెక్కించి పుట్టింటికి పంపేశారు. వచ్చిన రోజున ఆ పెట్టెను వీధి వాకిలికీ నడింటికీ మధ్యనున్న నడవలో పెట్టారు. తర్వాత ఎక్కడన్నా సర్దుదాం అనుకున్నారు. ఆ తర్వాత రానే రాలేదు. పెట్టె పక్కనే చాప, చాప పక్కనే శనక్కాయల మూటలు. నేను వచ్చాక నన్నూ అక్కడే పడుకోబెట్టారు. ఇంటికి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, పాలేర్లు, మామల దగ్గరికి బేరానికి వచ్చే వ్యాపారులు అందరూ మా కాళ్ళు దాటుకునే పోయేవాళ్ళు. పగలంతా అంతమంది తిరిగే చోట ఉండి కూడా చిన్నమ్మతో మాట్లాడేవాళ్ళు లేరు. నాతోనూ లేరు. మాకు మేమే.

చిన్నమ్మ చీర మార్చుకోవాలంటే ఒక తలుపున్న చోటు లేదు. మూటల వెనక్కి పోయి నిలబడేది. నేను కంబళి రెండు చేతులతో పైకెత్తి అడ్డం పట్టేదాన్ని. నా చేతులు పొట్టివి, కంబళి బరువు. "ఇంగ రవ్వంత పైకి పట్టు పాపా" అంటూ గబగబా చుట్టుకునేది. ఒక రోజు అట్లా పట్టుకుని ఉండగా తాత వీధిలోంచి నడవలోకి అడుగుపెట్టాడు. చూసీ చూడగానే వెనక్కి తిరిగి బయటికి పోయాడు. పోయి చాలాసేపు అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి తాత తన ఇంట్లోకి తానే దగ్గి రావడం మొదలుపెట్టాడు. చుట్ట తాగీ తాగీ పట్టుకున్న దగ్గు అని మా పెద్దత్త విసుక్కునేది.

పెద్దత్త, అంటే మా పెద్దమామ భార్య, చెడ్డది కాదు. పెద్ద సంసారం ఈదుతున్న మనిషి. ఉన్నమాట పైకి అనేస్తుంది. "ఉగాది పోనీ, ఆయమ్మను ఆదోనిలో మా పిన్నమ్మోళ్ళింటికి పంపిస్తాం. వాళ్ళకు వంటమనిషి కావల్ల. ఈడ పండుకునే దానికి చోటన్నా ల్యాకపాయ" అని వాకిట్లో ఎవరితోనో అంటుంటే నేను విన్నాను. చిన్నమ్మ కూడా విన్నది. ఆ పూట ట్రంకు పెట్టె తెరిచి బట్టలు మడిచినవే మళ్ళీ మడిచింది. నేను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అమ్మ ఆస్పత్రిలో, నాన్న రైళ్ళలో, ఇక చిన్నమ్మ ఆదోనిలో. ఈ ఇంట్లో కంబళి పట్టుకుని నేనెవరి కోసం నిలబడాలి?

తాతను అడుగుదామంటే తాత మాటకు అప్పటికే చెల్లుబాటు లేదు. అవ్వ పోయిన ఏడే పెత్తనమంతా పెద్దమామ చేతికి ఇచ్చేశాడు. ఆ రోజుల్లో కర్నూలు రాజధాని. శనక్కాయల వ్యాపారం మీద అక్కడికి పోయివచ్చే మామకు అక్కడి కార్లు కంట్లో పడ్డాయి. బళ్ళారిలో ఎవరో పాత కారు అమ్ముతున్నారని తెలిసి బేరం మాట్లాడి వచ్చాడు. ఇంకా కారు రాలేదు, దాన్ని ఎక్కడ పెట్టాలన్న చర్చ మాత్రం ఇంట్లో మొదలైంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

మా ఇంటి గోడకు ఆనుకుని సందు వైపు ఒక బండి కొట్టం ఉండేది. మూడు పక్కలా రాతి గోడలు, పైన బోదగడ్డి కప్పు. దాన్నే పెరట్లోకి పొడిగించి, మిద్దె వేసి, కారుకు గది చేయాలని మామ తీర్మానం. కాయలు కొనే రోజులు కనుక మామలిద్దరికీ ఊపిరి సలపదు. "నేను చేపిస్తా లేప్పా, మీరు మీ పని చూసుకోండి" అన్నాడు తాత. పోనీలే, ముసలాయనకు పొద్దుపోతుంది అనుకుని వదిలేశారు.

మరుసటి ఉదయం తాత నన్ను వెంటబెట్టుకుని సందులోకి వెళ్ళాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు డోన్ స్టేషనుకు కాయల బండ్లు తోలిన మనిషి. కొట్టం ముందు నిలబడ్డాడు. ఎదురింటి రాతి అరుగు దాకా నడిచాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆ అరుగు మీద చెయ్యి వేసి, సందు మొదటి వైపు చూసి, తనలో తాను చిన్నగా నవ్వుకున్నాడు. ఎందుకు తాతా అంటే, ఏం లేదులే పాపా అన్నాడు.

పని మొదలయింది. ఇల్లు కట్టి చూడు అన్నారు కానీ కొట్టం కట్టి చూడు అనలేదు పెద్దలు. అది ఇంకా కష్టం. మేస్త్రి ఒక సాయిబు, తాతకు చిన్ననాటి నుంచి ఎరిక. ఎంత నవ్వులాట మనిషో అంత పనిమంతుడు. తాత చెప్పే ప్రతి మాటకూ ఆయన నెత్తి గోక్కునేవాడు. పెరటి వైపు కిటికీ పెట్టమన్నాడు తాత, పెట్రోలు వాసన పోవాలని. గోడలో దీపం గూడు పెట్టమన్నాడు, చీకట్లో కారు దిగేవాళ్ళకు కళ్ళు కనిపించాలని. కింద నున్నటి బండలు పరిచి, ఒక మూల తూము పెట్టించాడు, కారు కడిగిన నీళ్ళు పోవాలని. సందు వైపు రెండు రెక్కల పెద్ద తలుపు కాక, నడవలోంచి కొట్టంలోకి ఒక చిన్న తలుపు పెట్టించాడు, పెద్దమామ వానలో తడవకుండా ఇంట్లోకి రావాలని. మా సీమలో వాన! మేస్త్రి ఆకాశం వైపు చూసి, తాత వైపు చూసి, నోరు మూసుకున్నాడు.

కానీ ఆ చిన్న తలుపుకు గడియ కొట్టం లోపలి వైపు పెట్టమన్నప్పుడు మాత్రం ఆయన తాపీ కింద పెట్టేశాడు.

"ఏం పెద్దాయనా, కారు లోపలినుంచి గడియ ఏసుకుంటాదా?"

"కారులో పండుకునే డ్రైవరు ఏసుకుంటాడప్పా. నీకేమిటికి?"

"డ్రైవరు లోపల గడియ ఏసుకుని నిద్రపోతే ఇంట్లోవాళ్ళు కారు కాడికి యాడనుంచి రావల్ల?" అని మేస్త్రి పగలబడి నవ్వాడు. తాత నవ్వలేదు. తాపీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. మేస్త్రి తాత ముఖంలోకి ఒక క్షణం చూసి, నడవ వైపు, అక్కడున్న ట్రంకు పెట్టె వైపు చూశాడు. ఇక ఆ తర్వాత ఏ మాటకూ ఎందుకని అడగలేదు. గడియను మంచి ఇనుముతో చేయించి తెచ్చి తన చేత్తోనే బిగించాడు.

ఉగాదికి ముందు కారు వచ్చింది. నల్లటిది, ముందు దీపాలు పెద్ద పెద్ద కళ్ళు. ఊరంతా సందులో చేరింది. పెద్దత్త హారతి పళ్ళెంతో నిలబడింది. డ్రైవరు కారును సందులోకి తెచ్చి కొట్టం వైపు తిప్పాడు. తిరగలేదు. ముందుకు పోతే ఎదురింటి అరుగు, వెనక్కి వస్తే మా గోడ. ఎద్దుల బండి అయితే ఎద్దులను విప్పి, కాడి పట్టుకుని నలుగురు నిలుచున్నచోటే గిర్రున తిప్పేస్తారు, చేతులతో లోపలికి నెట్టేస్తారు. కారుకు కాడి ఎక్కడిది? అటు గీరుకుని, ఇటు గీరుకుని, పొగ వదిలి, చివరకు డ్రైవరు దిగి చేతులెత్తేశాడు. ఎదురింటివాళ్ళకూ మాకూ తాతల నాటి గట్టు తగాదా ఉంది. అరుగు కొంచెం కొట్టేసుకోనివ్వమంటే, ఆ ఇంటాయన అరుగు మీద నింపాదిగా కూర్చుని చుట్ట వెలిగించాడు. కారును కోడుమూరు రోడ్డున ఉన్న కాయల గోదాముకు పంపేశారు. హారతి కర్పూరం పళ్ళెంలోనే ఆరిపోయింది.

పెద్దమామ కోపం అంతా ఇంతా కాదు. "అంతా నువ్వే కొలిచినావు గద నాయనా! సందు సూడొద్దా?" అని నలుగురిలో అరిచాడు. "లోపల కొలిచినానప్పా. సందు కొలవల్లని నాకు తోచలే" అన్నాడు తాత, నిమ్మకు నీరెత్తినట్టు. ముసలాయనకు మతి పోయిందని ఊళ్ళో చెప్పుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

సరే, అయ్యిందేదో అయ్యింది, నడవలో మూటలన్నీ తెచ్చి అందులో వేద్దామన్నాడు మామ. తాత తల అడ్డంగా ఊపాడు. "కిటికీ ఉండాది, తూము ఉండాది. తూములో ఎలకలొస్తాయి. కాయలు బూజు పడ్తే ఎవుడు కొంటాడు?" అది నిజమే. మనిషికి పనికొచ్చేదంతా మూటకు చెరుపే. మామ పళ్ళు కొరుక్కున్నాడు. కొత్త గది ఉత్తగా పడి ఉండడం చూడలేక చివరకు పెద్దత్తే అన్నది: "అట్లయితే ఆయమ్మనూ పాపనూ ఆడ పండుకోమనండి. నడవన్నా ఖాళీ అయితాది, ఇంగ నాలుగు మూటలు ఏసుకోవచ్చు." తాత తనకేం పట్టనట్టు చుట్ట కోసం మొలలో వెతుక్కున్నాడు. చోటు దొరికాక ఇక ఆదోని మాట ఎవరెత్తుతారు? ఎత్తలేదు.

ఆ సాయంత్రం చిన్నమ్మ ట్రంకు పెట్టెను లోపలికి ఈడ్చుకుపోయింది. నేను చాప చుట్టుకుని వెనకే పోబోతుంటే తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు విన్నాను. నేను నడవలో నిలబడిపోయాను. అమ్మ వదిలిపెట్టింది, నాన్న వదిలిపెట్టాడు, ఇప్పుడు ఈమె కూడా తలుపేసుకుంది అనిపించింది. దుఃఖం పొంగుకొచ్చి తలుపు బాదడానికి చెయ్యెత్తాను. వెనక నుంచి తాత నా చెయ్యి పట్టుకున్నాడు. పక్కనున్న మూట మీద కూర్చుని నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"రవ్వంతసేపు ఉండనీ పాపా. ఏడ్సుకునే దానికన్నా మనిషికి ఒక మూల ఉండొద్దా? ఇన్నాళ్ళూ దానికి అది గూడా లేకపాయ."

లోపల చప్పుడేమీ లేదు. మేం అట్లాగే కూర్చున్నాం. తాత ఒకసారి దగ్గాడు, లోపలికి వినబడేంత, అంతే. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. చిన్నమ్మ తల దువ్వుకుని, ముఖం తుడుచుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గూట్లో దీపం పెట్టింది. "రా పాపా, చాప ఏడేద్దామో నువ్వే చెప్పు" అన్నది. ఆ ఇంటికి వచ్చాక నన్ను ఏదైనా చెప్పమని ఒకరు అడగడం అదే మొదలు.

తాత మాత్రం ఆ తర్వాత ఇంకా ఒంటివాడైపోయాడు. విత్తనాలు ఎప్పుడు వేయాలి, ఏ కాడెద్దు కొనాలి అని అంతో ఇంతో అడిగే కొడుకులు ఆ కారు గొడవతో అదీ మానేశారు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే వచ్చి కూర్చునేవాడు, ఎవరూ తన వైపు తిరగకపోతే లేచి పోయేవాడు. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ కొట్టం గడప మీద కూర్చుని ఉంటే అడిగేశాను, కారు తిరగదని నీకు ముందే తెలుసా తాతా అని. నా వైపు చూడకుండా సందు వైపే చూస్తూ అన్నాడు: "నాకేం తెలుసు పాపా. నేను ఎద్దుల బండి తోలినోన్ని." గ్లాసు ఇస్తూ ఆయన నవ్వాడు. కొట్టం కట్టక ముందు ఎదురింటి అరుగు మీద చెయ్యి వేసి నవ్విన నవ్వే అది.

మరుసటి ఎండాకాలం నాన్న వచ్చాడు. నన్ను తీసుకుపోవడానికి అనుకుని మూట సర్దుకోబోయాను. కాదు. అమ్మ పోయింది. అప్పటికే అంతా అయిపోయిందని నడింట్లో కూర్చుని చెప్పాడు. ఇల్లంతా జనం చేరారు, ఇన్నాళ్ళూ నాతో మాట్లాడనివాళ్ళు కూడా నన్ను దగ్గరికి లాక్కుని గుండెలకు అదుముకున్నారు. నాకు ఊపిరాడలేదు. వాళ్ళ చేతుల్లోంచి జారి, పరుగెత్తి, కొట్టంలోకి పోయి గడియ వేసుకున్నాను. బండల మీద బోర్లా పడుకుని ఎంతసేపు ఏడ్చానో. అమ్మ ముఖం గుర్తు రావడం లేదని ఏడ్చాను, ఎక్కువగా దాని కోసమే. "పిల్లను ఒంటిగా ఎట్లా వదుల్తారు, తలుపు తీయించండి" అని పెద్దత్త గొంతు వినిపించింది. ఎవరో ఆపారు. ఎవరూ తలుపు తట్టలేదు. కాసేపటికి తలుపు అవతల దగ్గు వినిపించింది. ఇంకాసేపటికి మళ్ళీ. గడియ తీసి చూస్తే మూట మీద తాత, కింద తాత కాళ్ళ దగ్గర చిన్నమ్మ. చిన్నమ్మ జరిగి కొంచెం చోటిచ్చింది.

తాత, చిన్నమ్మ, ఆ కొట్టం, ఇప్పుడు ఏదీ లేదు. నాకు తాత వయసు కూడా దాటిపోయింది. నా ఇంట్లో ఎవరైనా మనసు చెడి గదిలోకి పోయి తలుపేసుకుంటే, మిగతావాళ్ళు తలుపు కొడతారు, పిలుస్తారు, ఏమైందని అరుస్తారు. నేను కుర్చీ ఈడ్చుకుపోయి ఆ గుమ్మం పక్కన వేసుకుంటాను. పిలవను, తట్టను. ఒకసారి దగ్గుతాను. ఈ ముసలిదానికి ఆ దగ్గు ఎన్ని మందులేసినా తగ్గడం లేదని మా కోడలు అనుకుంటుంది. అనుకోనీ.