పన్నెండు బారలకు ఎడమకు

ఆ రోజుల్లో మా కర్నూల్లో మనిషి పరుగెత్తితే దానికో కారణం ఉండేది. ముందర రైలుబండైనా ఉండాలి, వెనక కుక్కయినా ఉండాలి. ముందూ వెనకా ఏమీ లేకుండా, ఒంటికి మంచిదని ఊరికే పరుగెత్తేవాడు కనబడితే వాళ్ళింటికి కబురు పంపేవాళ్ళు. అలాంటి ఊరికి ఉన్నట్టుండి రాజధాని వచ్చిపడింది. గుడారాల్లో ఆఫీసులు వెలిశాయి, ఆ గుడారాల్లోకి కోస్తా నుంచి ఆఫీసర్లు దిగారు, వాళ్ళలో ఒకాయనకు సాయంత్రాలు ఏమీ తోచక ఒక పందెం తోచింది. ముందు కాలువలో ఈత, ఒంటి తడి ఆరకముందే సైకిలు, సైకిలు దిగీ దిగగానే పరుగు. మధ్యలో కూర్చోవడం లేదు. (ఇప్పుడు దీనికి పెద్ద పేరే ఉంది, టీవీలో చూపిస్తున్నారు. ఆడేవాళ్ళు నల్లటి తొడుగులు వేసుకుని చేపల్లా మెరుస్తుంటారు. మేము లంగోటీలతో మెరిశాం.) ఊరివాళ్ళు దానికి మూడుముక్కల పందెం అని పేరు పెట్టి, ఎవరు చేరతారో చూద్దామని ఎదురుచూశారు. చేరినవాళ్ళలో నేనొకణ్ణి.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. సైకిళ్ళు అద్దెకిచ్చే అంగట్లో పని. యజమానిని ఊరంతా భాయ్ అనేది, నేనూ అంతే. అంతకుముందు నేను చాలా విద్యలు సగం సగం నేర్చాను. బడి థర్డ్ ఫారంతో ఆగింది. టైలరు దగ్గర కాజాలు కుట్టడం వచ్చింది, గుండీల దాకా నిలవలేదు. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చడం వచ్చింది, వాటిని మళ్ళీ గళ్ళలో సర్దే పని నేర్చుకోకముందే వచ్చేశాను. సైకిలు షాపు మాత్రం నాకు స్వర్గంలా ఉండేది. పంచరు వేసేంతసేపు గిరాకీ కదలకుండా నిలబడి నా మాటలు వినాలి కదా, అంతకంటే ఏం కావాలి.

మా నాయన బేతంచెర్లలో నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. ఒకరోజు చెప్పాపెట్టకుండా షాపుకు వచ్చాడు. నేను ఎవరికో కథ చెబుతూ చక్రం తిప్పుతున్నాను, చక్రం ఊరికే తిరుగుతోంది. కథ అయిపోయేదాకా నిలబడి విన్నాడు. నవ్వలేదు.

"గనిలో నీకు పని మాట్లాడినా. గుడ్డలు సర్దుకో" అన్నాడు.

"నేనీడ పని నేర్చుకుంటాండా కదా నాయనా."

"ఏది నేర్చినావు? బడి ముగించినావా? కుట్టుపని ముగించినావా? నువ్వు పుట్టినకాడ్నుంచి ముగించింది ఏమన్నా ఉంటే అది సంగటి ముద్దే."

భాయ్ అడ్డుపడ్డాడు. "పనోడే మేస్త్రీ. నోరు చేతికన్నా కొంచెం ముందు పోతాది, అంతే."

ఆ ముందుపోయే నోరే నా కొంప ముంచింది. షాపు గోడకు ఆఫీసరుగారి పందెం కాగితం అంటించి ఉంది. నలుగురూ నవ్వుతారు కదా అని దాన్ని చూపించి, "ఇదిగో, ఈ పందెం ముగిస్తా నాయనా" అన్నాను. నలుగురూ నవ్వారు. నవ్వాల్సిన ఒక్కడు నవ్వలేదు. కాగితం భాయ్ చేత చదివించుకుని, తలగుడ్డ సర్దుకుని, నిదానంగా అన్నాడు.

"సరే. గెలిచేది వద్దు, అది నీతో అయ్యేది కాదు. చివరిదాకా పో. పోయినావంటే ఈన్నే ఉండు, ఇంకెప్పుడూ అడగను. నడిమధ్యలో ఇడిసిపెట్టినావంటే ఆ పొద్దు పన్నెండు గంటల బండికే నాతో వస్తావు."

ఆ రాత్రి నాకు గని కనబడింది. ఎండ సంగతి కాదు, దుమ్ము సంగతి కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండలతో ఎన్ని ఛలోక్తులు విసిరినా ఒక్కటీ నవ్వదు, అదీ నా భయం.

మర్నాడు పేరివ్వడానికి గుడారానికి పోయాను. ఆఫీసరు మర్యాదస్థుడు. "ఈత వచ్చా అబ్బాయ్?" అని అడిగాడు. వచ్చు సార్, బావిలో నేర్చుకున్నాను, అన్నాను. "బావైతేనేం, కాలువైతేనేం, నీళ్ళు నీళ్ళేగా" అన్నాడు. ఇంటి వాకిలి ముందే కాలువ పారే దేశంలో పుట్టిన మనిషి, ఆయనకేం తెలుసు. నాకు తెలియాల్సింది. నాకూ తెలియలేదు. చివరి పేరుగా నా పేరు రాసుకున్నాడు, పదిహేనోది.

పందెం రోజు పొద్దున కాలువ నిండుగా పారుతోంది. పై వంతెన దగ్గర నీళ్ళలో దిగి, కింది వంతెన దగ్గర గట్టెక్కాలి. మిగతా పద్నాలుగు మంది మెట్ల మీదుగా ఒక్కొక్క కాలు పెడుతూ, చలికి మూలుగుతూ దిగారు. నేను వంతెన గోడెక్కాను. మా వైపు బావులు లోతు, దూకడం రానివాడికి అందులో ఈత రాదు. మోకాళ్ళు రెండూ కావలించుకుని గుండులా పడ్డాను. గట్టు మీది జనం ఓహో అన్నారు. ఆఫీసరుగారి జోళ్ళూ, చేతిలో పేర్ల కాగితమూ తడిశాయి. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన గౌరవం ఆ ఓహో ఒక్కటే.

నీళ్ళ పైకి తేలి ఈత మొదలుపెట్టాను. పన్నెండు బారలు వేశాను, ఎడమకు తిరిగాను. మళ్ళీ పన్నెండు, మళ్ళీ ఎడమకు. నాలుగోసారి తిరిగాక చూస్తే నేను దూకిన వంతెన మళ్ళీ నా ఎదుటే ఉంది. అప్పుడు అర్థమైంది. మా బావిలో గోడ నుంచి గోడకు పన్నెండు బారలు. పదేళ్ళపాటు గోడ వెంబడి ఎడమకు తిరుగుతూ ఈదిన ఒళ్ళు అది. ముందుకు పొమ్మని బుర్ర చెబుతుంది, పన్నెండో బార పడగానే భుజం దానంతటదే ఎడమకు ఒరుగుతుంది. గోడ లేని నీళ్ళు ఉంటాయని నా భుజానికి ఎవరూ చెప్పలేదు. గట్టు మీద బర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన నా మూడు చుట్లు ఓపికగా చూసి, చేతికర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు.

"ఏమప్పా, ఆడ ఏమన్నా పోగొట్టుకున్నావా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే కాలువ లోపలికి వచ్చింది. (నాకు ఎదురుమాట దొరకని సందర్భాల్లో అదొకటి. రెండోది నా పెళ్ళి.) మొత్తానికి నన్ను కింది వంతెనకు చేర్చింది నా ఈత కాదు, కాలువ. నేను గిరగిరా తిరుగుతూనే ఉన్నాను, నీటివాలు నన్ను తిరిగేవాణ్ణి తిరిగినట్టే మోసుకుపోయింది. ఎవరో కాలు పట్టి గట్టుకు లాగారు.

అక్కడ భాయ్ ఏడో నంబరు సైకిలు పట్టుకుని ఉన్నాడు. ఏడో నంబరంటే ఎవరూ అద్దెకు తీసుకోని బండి. ఎడమ పెడలుకు రబ్బరు పోయి ఇనుప కడ్డీ మిగిలింది, సీటు కూర్చున్నవాణ్ణి ముందుకు జారుస్తుంది. మంచివన్నీ ఏవి భాయ్ అని అడిగితే, "పందానికే పోయినాయి బేటా, తొమ్మిది" అన్నాడు. అంటే నాతో పోటీకి వచ్చినవాళ్ళలో తొమ్మిదిమంది మా షాపు బండ్లే తొక్కుతున్నారన్నమాట. మా షాపులో ఒక కట్టుబాటు ఉండేది. మన బండి దారిలో యాడ నిలబడిపోయినా, మన మనిషి కండ్లబడితే దిగి బాగుచేసి పంపాల్సిందే. ఆ మాట ఆ రోజుకు చెల్లదని భాయ్ చెప్పలేదు, నేను అడగలేదు. పైగా గట్టు మీద లంగోటీ పైన తొడుక్కున్న నిక్కరు జేబులో అలవాటు కొద్దీ పంచరు డబ్బీ, హ్యాండిలుకు గాలిపంపు.

దారికి రెండువైపులా తుమ్మచెట్లు, దారి మీద తుమ్మముళ్ళు. మైలు దాటకముందే మా మూడో నంబరు బండి పక్కన ఒకడు నిలబడి నన్ను చూసి చెయ్యెత్తాడు. "ఏమప్పా, నిన్న నువ్వేసిన పంచరే కదా ఇది, ఊడిపోయినాది." నిజమే. కథల మధ్యలో వేసిన పంచర్లు అలాగే ఉంటాయి. దిగి వేశాను. ఇంకొంచెం దూరంలో పదకొండో నంబరు, అదీ నా చేతిపనే. ఆ తర్వాత చారల బనీను వేసుకున్న కాలేజీ పిల్లోడు, చెయిను ఊడి, చేతులు నలుపు చేసుకుని ఏడుపు మొహంతో ఉన్నాడు. "అన్నా, నేనే అందరికన్నా ముందుంటినన్నా" అన్నాడు. బిగించి, గాలి కూడా కొట్టి, వెనకనుంచి ఒక తోపు తోశాను. వాడు అలా పోయినవాడు పోయినట్టే మొదటి బహుమతి దాకా పోయాడు. నేను వేసిన పంచర్లలో ఆ రోజు వేసినవి మాత్రమే మళ్ళీ ఊడలేదని తర్వాత భాయ్ చెప్పాడు. ఆ రోజు కథలు చెప్పడానికి నాకు ఊపిరి లేదు మరి.

సైకిలు కల్లూరులో అప్పజెప్పి, అక్కణ్ణుంచి మళ్ళీ కర్నూలు మైదానం దాకా, నాయన కాచుకుని ఉన్న చోటికి, పరుగెత్తాలి. దిగాను గానీ కాళ్ళు దిగలేదు, అవి ఇంకా గాల్లో తొక్కుతూనే ఉన్నాయి. నలుగురు అప్పటికే పందెం మానుకుని, ఆ ఊళ్ళో అరుగు మీద మజ్జిగ తాగుతున్నారు. "రాప్పా, కూచో, ఇంకెవరు చూస్తారు" అన్నారు. కూర్చోవాలనే ఉంది. కానీ ఆ అరుగుకు పరిచినవి బేతంచెర్ల నాపరాళ్ళు. వాటిని చూడగానే కాళ్ళు వాటంతటవే కదిలాయి.

నేను దాన్ని పరుగు అనే అంటాను. పక్కనే కర్నూలుకు పోతున్న కట్టెల బండి ఒకటి కాసేపు నాతో సమానంగా నడిచింది, ఆ తర్వాత ముందుకు పోబోయి, బండాయన జాలిపడి ఎద్దుల్ని నెమ్మదిగా తోలాడు.

"ఎవరు తరుముతాండారప్పా?"

"మా నాయన."

ఆయన వెనక్కి తిరిగి దారంతా చూశాడు. "వెనక ఎవరూ లేరే."

"వెనక లేడు. ముందరుండాడు."

ఆయన పక్కకు జరిగి చోటు చూపించి, "బండెక్కు, దించుతా" అన్నాడు. వద్దన్నాను. "అయితే ఇంట్లో ఏదో శానా పెద్ద గొడవే" అని ఎద్దుల్ని అదిలించి వెళ్ళిపోయాడు.

మైదానం ఇంకా అరమైలు ఉందనగా స్టేషను వైపు నుంచి పన్నెండు గంటల బండి కూత వినబడింది. నాయన నాకోసం చూసి చూసి వెళ్ళిపోయి ఉంటాడు, ఇంక పరుగెత్తి ఎవరికి చూపించాలి అనుకున్నాను. అనుకుంటూనే పరుగెత్తాను. ఆగడానికి కూడా కొంత బలం కావాలి, అది లేదు.

మైదానంలో ఎవరూ లేరు. కుర్చీలు లేవు, బహుమతుల బల్ల లేదు, చివర కట్టిన ఎర్ర రిబ్బను లేదు. నా దూకుడికి ఆఫీసరుగారి కాగితం తడిసింది కదా, అడుగున ఉన్న పదిహేనో పేరు సిరా కారి చెరిగిపోయిందట. ఉన్న పద్నాలుగు పేర్ల లెక్క తేలగానే ఆయన బహుమతులిచ్చి గుడారానికి వెళ్ళిపోయాడు. నా పేరు నేనే కడిగేసుకున్నానన్నమాట. ఆ ఎండలో ఇద్దరే మిగిలారు, నాయన, భాయ్. "రిబ్బను కూడా పట్టుకపోయినారు మేస్త్రీ" అని భాయ్ అంటుంటే, నాయన తలగుడ్డ విప్పి, ఒక కొస భాయ్ చేతిలో పెట్టి, రెండో కొస పట్టుకుని దూరంగా జరిగాడు.

ఆ గుడ్డ నా ఎదకు తగిలి, మొహానికి చుట్టుకుని, ఇద్దరి చేతుల్లోంచీ ఊడివచ్చింది. లోపలంతా రాతిపొడి వాసన. దాంతోపాటే కిందపడ్డాను. నాయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అందరికన్నా చివరోనివి" అన్నాడు.

"ఎవరో ఒకరు అందర్నీ ముందుకు తోలాల కదా నాయనా" అన్నాను, ఊపిరి తిరిగాక. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగితే భాయ్ కూడా చెప్పలేదు.

"బండి పోయినాదే" అన్నాను.

"పోనీ. రేపు పోతా." తలగుడ్డ దులిపి, మళ్ళీ చుట్టుకుంటూ అన్నాడు. "నేనొక్కన్నే."

ఆ షాపులోనే నేను ముసలివాణ్ణయ్యాను. ఈమధ్య డాక్టరు రోజూ నడవమన్నాడు. పొద్దున్నే అదే మైదానానికి పోతే ఊరంతా అక్కడే ఉంటుంది. ముందర రైలు లేదు, వెనక కుక్క లేదు, అందరూ ఒకరి వెనక ఒకరు, ఎడమకు తిరుగుతూ చుట్లు కొడుతున్నారు. అంటే ఈ పనిలో నేను మా కర్నూలుకంటే చాలా ఏళ్ళు ముందున్నానని తేలింది. నేనూ వాళ్ళలో కలిసి నిదానంగా తిరుగుతాను. తిరుగుతూ, ఎవరైనా పక్కన చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఏమప్పా, ఆడ ఏమన్నా పోగొట్టుకున్నావా అని అడుగుతారేమోనని చూస్తాను. ఆ రోజు నోట్లోకి కాలువ వచ్చి చెప్పలేకపోయాను గానీ, ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర పెద్ద జాబితానే ఉంది. ఎవరూ అడగరు. ఇంకో చుట్టు తిరుగుతాను.