నాగమణమ్మ అడిగిన బకీటు

వైకుంఠంగారి గురించి రాయాలంటే ముందు ఆయన మీద నాకున్న కోపం తీరాలి. అది తీరలేదు, తీరుతుందన్న నమ్మకమూ లేదు. అయినా రాస్తున్నాను. హైదరాబాద్ లాల్‌దర్వాజాలో మా గల్లీ అవతల జనం ఆయన్ని పిసినారి అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వైకుంఠంగారి ఇంటి పైవాటాలో మేము అద్దెకు దిగి ఆరేళ్లయింది. నాన్న శ్రీహరిరావుది రైల్వే ఉద్యోగం. గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చాం. సామాన్లు దించిన రోజే, ఇంటి తాళం ఇంకా మా చేతికి రాకముందే, వైకుంఠంగారు నీళ్ల సంగతి మొదలుపెట్టారు.

"నల్లా రోజు తప్పి రోజు వస్తది. బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యొద్దు, తులసమ్మకు పొయ్యాలె. తానానికి మనిషికొక్క బకీటు. గంతే."

మా అమ్మ పంట కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషి. ఆ మాటకు మూడు రోజులు అలిగింది. నాలుగో రోజు నల్లా రాలేదు. అప్పట్నుంచి అమ్మ కూడా ఆయన మాటే మాట్లాడుతోంది.

ఆయన ముప్పై ఏళ్లు నీళ్ల బోర్డులో లైన్‌మన్‌గా చేశారు. పొడుగాటి ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని గల్లీ గల్లీకీ వెళ్లి వాల్వు తిప్పి నీళ్లు వదలడం పని. ఒక హోలీ నాడు ఆయన నీళ్లు వదిలితే, పై గల్లీ వాళ్లు మోటార్లు పెట్టి రంగులాటకు మొత్తం తోడేశారు. కింద ఉండే మా గల్లీలో పెద్దావిడ ఆండాలమ్మ కూతురు పచ్చి బాలింత. ఇంట్లో చుక్క లేదు. ఖాళీ బిందె పట్టుకుని ఆ పిల్ల వాల్వు పక్కన కూర్చుని ఏడ్చింది. ఆయనా ఆమె పక్కనే కూర్చున్నారట. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు, ఆండాలమ్మే.

ఆ మరుసటి ఏడు ఆయన మా గల్లీకి ఒక పద్ధతి పెట్టారు. షాద్‌నగర్ వైపు బస్సులో పోయి, సంచెడు మోదుగపూలు ఏరుకొచ్చి, ఒక్క గంగాళంలో ఉడకబెడతారు. హోలీ పొద్దున గల్లీ అంతా వాళ్ల వాకిట్లో వరుస కట్టాలి. ఒక్కొక్కరూ వచ్చి నీలం రంగు ప్లాస్టిక్ టబ్బులో నిలబడితే, నెత్తిన ఒక్క చెంబు పసుప్పచ్చటి నీళ్లు పోస్తారు. ఇంకో చెంబు అడిగితే రాదు. టబ్బులోకి జారిన నీళ్లు రెండు రోజులు పాయిఖానాకు పనికొస్తాయి. మా వైపు హోలీ అంటే ఆఫీసుకు సెలవు, అంతే. మొదటిసారి ఆ టబ్బులో నిలబడినప్పుడు అది హోలీయో, నాకు పెళ్లికూతురి స్నానమో అర్థం కాలేదు.

మొదటి చెంబు ఎప్పుడూ ఆయన భార్య నాగమణమ్మగారికే. ఆవిడ పుట్టిల్లు చేవెళ్ల దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక బావి. హోలీకి అక్కచెల్లెళ్లు బకెట్లకు బకెట్లు నెత్తిన కుమ్మరించుకునేవారట.

"పెండ్లయి ముప్పై ఏండ్లు దాటె. ఒక్కసారన్న నెత్తి మీదికెల్లి నిండు బకీటు పొయ్యమంటే పొయ్యడు ఈ మనిషి," అని ప్రతి హోలీకీ టబ్బులో నిలబడి అందరి ముందూ అనేవారు.

"మల్లొచ్చే యేడు సూద్దాం తియ్యే," అనేవారాయన. గల్లీ అంతా నవ్వేది. నేనూ నవ్వాను.

పోయిన వర్షాకాలంలో ఆవిడ కాళ్లు వాచాయి. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. తాగే నీళ్లు రోజు మొత్తం మీద ముప్పావు లీటరు దాటకూడదని డాక్టరు చెప్పారు. జీవితమంతా నీళ్లు కొలిచిన మనిషికి దేవుడు ఆఖరికి ఇచ్చిన కొలత పని అది. ఆయన గ్లాసులో గుక్కెడు పోసేవారు, ఆవిడ తాగి గ్లాసు మళ్లీ చాపేది.

"ఇంకొక్క గుక్క పొయ్యవయ్యా. నాలిక పిడచగట్టుకపోతుంది."

"వద్దే. డాక్టర్ తిడ్తడు."

అలా అని ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడేవారు. ఆవిడకు వద్దన్న రోజుల్లో తనూ సరిగా నీళ్లు తాగలేదని నాకు తర్వాత తెలిసింది.

శివరాత్రి నాడు ఆవిడ పక్కన కూర్చుని ఆయనే మాట ఇచ్చారు. "తాగనీకైతే లేదు గని, ఈ హోలీకి నీ నెత్తి మీద నిండు బకీటు పోస్త. ఒట్టు." ఆ రోజు నుంచి తన స్నానం నీళ్లలో రెండేసి చెంబులు మిగిలిస్తూ వచ్చారు. ఆవిడ ముఖంలో ఎన్నాళ్లకో కళ వచ్చింది. హోలీకి కట్టుకోవడానికి పాత తెల్ల చీర కూడా తీసి పెట్టుకుంది.

కామదహనం రోజు సాయంత్రం. పూలు ఉడకబెట్టిన నీళ్లు నిండు బకెట్టుగా వరండాలో ఉన్నాయి, పైన తాంబాళం మూత. ఆవిడ అరుగు మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. నేను మెట్ల మీద ఉన్నాను.

"ఏమయ్యా, ఇయ్యాల్నే పొయ్యరాదు. రేపటికి నాకు ఓపికుంటదో ఉండదో."

"తొందరేందే? పువ్వు ఇంకా రంగు దిగాలె. ఇయ్యాల పోస్తే రేపు పండుగకు మల్ల పొయ్యాలె, రెండు బకీట్లయితయ్. పండుగ నీళ్లు పండుగ నాడే."

ఆవిడ నా వైపు చూసింది. పోయండి బాబాయిగారూ, ఈరోజే పోసేయండి అని నేను అనవచ్చు. అనలేదు. "రేపు మంచి ఫొటో తీస్తాను పిన్నిగారూ," అన్నాను.

"సరే తియ్. ఒక్క రాత్రే గదా," అంది.

తెల్లవారుతుండగా కింది నుంచి ఆయన పిలిచారు. "హరిప్రియా, జెర కిందికి రా బిడ్డా. నాగమణి లేస్తలేదు."

గల్లీ చివర ఉండే డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, వదిలేశారు. నిద్రలోనే పోయిందన్నారు. అప్పటికే ముఖాలకు రంగు పూసుకున్న పిల్లల్ని తల్లులు ఇళ్లలోకి లాక్కెళ్లి కడిగారు. ఆ రోజు నల్లా వచ్చే రోజు కాదు. అయినా అడగకుండానే ఒక్కో ఇంటి నుంచి ఒక్కో బిందె వచ్చింది. పదకొండు బిందెలు వాకిట్లో వరుసగా నిలబడ్డాయి. ఆయన నోటికి జడిసి దాచుకోవడం నేర్చుకున్న నీళ్లు అవి.

వాకిట్లో బల్ల వేసి, చుట్టూ చీరలు అడ్డం కట్టి ఆవిణ్ని పడుకోబెట్టాం. ఆ తెల్ల చీరే కట్టాం. ఆడవాళ్లం పసుపు పూశాం. మొదటి నీళ్లు భర్త పోయాలన్నారు. ఆయన బిందెల వైపు పోలేదు. వరండాలోంచి ఆ బకెట్టు మోసుకొచ్చారు. ఎవరో వెనక నుంచి రంగు నీళ్లు వద్దన్నారు.

"ముత్తైదువకు పసుపు నీళ్లే గదా పోసేది," అంది ఆండాలమ్మ. "ఇయ్యి గూడ పసుపే. పొయ్యనియ్యుండ్రి."

ఆయన చెంబు ముంచారు. ఆవిడ తల మీద నెమ్మదిగా పోశారు. ఒక్క చెంబు పోసి ఆగిపోయారు. చెయ్యి మళ్లీ బకెట్లోకి పోలేదు. మేమంతా చూస్తున్నాం. ఆయన మాత్రం చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఆండాలమ్మ వెళ్లి ఆయన చేతిలోంచి చెంబు తీసేసుకుంది.

"చెంబు గాదు కొడకా. ఆమె బకీటు అడిగింది."

ఆయన వంగి బకెట్టు ఎత్తారు. నేను పట్టుకోబోతే వద్దని తల ఊపారు. "పోస్తున్ననే నాగమణీ," అని, తల నుంచి పాదాల దాకా మొత్తం పోసేశారు. ఖాళీ బకెట్టు పట్టుకుని ఆ తడి గచ్చు మీదే కూలబడి ఏడ్చారు. పసుప్పచ్చటి నీళ్లు వాకిలి దాటి మోరీలోకి పోతూనే ఉన్నాయి. నీలం టబ్బు గోడకు ఆనించే ఉంది, ఎవరూ తేలేదు.