మోగని ఇరవై రోజులు

ఎండుమిర్చి పోపు ఘాటు తగిలితే ఎవరైనా దగ్గుతారు. నేను ముందు తలెత్తి పైకప్పు వంక చూస్తాను. ఖమ్మంలో మా ఇంటి పైకప్పుకు ఫ్యాను తప్ప ఏమీ లేదు. అయినా ఈ ఉదయం కూడా చూశాను. నర్సన్న గుర్తొచ్చాడు.

ఎనభైలలో నేను పాల్వంచలో ఒక దినపత్రికకు కొత్త విలేకరిని. నా కిరాయి గది పక్క వాటాలోనే నర్సన్న ఉండేవాడు. ఊరి బయట ఒక ఫ్యాక్టరీ కాలనీలో ఎలక్ట్రీషియన్. అక్కడ కొన్ని క్వార్టర్లకు, పొగ తగిలితే మోగే గంటలు ప్రయోగంగా బిగించారు. అరచేతిలో పట్టే తెల్ల డబ్బాలు. నిప్పు లేకున్నా మోగేవి. మోగినప్పుడల్లా నర్సన్న నిచ్చెన భుజాన వేసుకొని బయల్దేరేవాడు.

ఒకనాడు నేనూ వెంట వెళ్లాను. అది రాజమ్మగారి ఇల్లు. కల్లూరు వైపు రైతు కుటుంబం. కొడుకు ఫ్యాక్టరీ ఉద్యోగి, కోడలు బాలింత. అప్పటికే మూడుసార్లు మోగింది. నర్సన్న నిచ్చెన గోడకు ఆనించాడే గాని ఎక్కలేదు. వంటింటి గడపలో కూర్చొని, మోగడానికి ముందు అరగంటలో ఏమేం చేశారో ఒక్కొక్కటే అడిగాడు. అదే పోపు మళ్లీ పెట్టమన్నాడు. "ఏవయ్యా, నా పోపు మీద కూడా అనుమానమేనా?" అంటూనే రాజమ్మగారు బాణలి పెట్టారు. మేమంతా దగ్గాం గాని గంట మోగలేదు. అప్పుడు పసిబిడ్డకు తలంటాక సాంబ్రాణి వేసే కుంపటి తెప్పించాడు. పొగ పడకగది గుమ్మం దాటగానే గంట కూత పెట్టింది. నర్సన్న డబ్బా విప్పి, లోపలి దుమ్మూ సాలెగూడూ మెత్తని బ్రష్‌తో దులిపి, దాన్ని నడవ మధ్యకు మార్చాడు. ధూపం వెనక వరండాలో వేసుకోమని చెప్పాడు. ఇంత తిప్పలెందుకు, బ్యాటరీ పీకేస్తే పోయేది కదా అన్నాను తిరుగుదారిలో. "పీకుడు ఎవలకైనా వస్తది తమ్మీ. ఎందుకు మోగిందో తెల్సుకునుడే పని" అన్నాడు.

మూడు వారాలకు ఆ గంటల మీద ఒక వార్త రాశాను. హోటల్ దగ్గర ఇద్దరు ఉద్యోగులు నవ్వుతూ చెప్పిన మాటలు చాలనుకున్నాను. 'పోపు పెడితే ఫైరింజన్' అని శీర్షిక. ఊరంతా నవ్వుకుంది. పై అధికారులకు తలవంపులనిపించి గంటలన్నీ తీసేయమన్నారు. వాటిని విప్పిందీ నర్సన్నే.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం వరండాలో గాలిదుమారం లేచింది. రాజమ్మగారు కుంపటిని గదిలోకి తెచ్చి, బూడిద కప్పి, మంచం పక్కన పెట్టారు. కోడలు బిడ్డకు టీకా వేయించడానికి దవాఖానాకు వెళ్లింది. పెద్దావిడ వీధి తలుపు వేసుకొని కునుకు తీశారు. వేలాడిన దూదిపరుపు కొస కుంపటిలో పడి, మంట లేకుండా లోలోపలే రగిలింది. కిటికీలోంచి పొగ చూసి ఇరుగుపొరుగు తలుపు పగలగొట్టేసరికి ఆమెలో ప్రాణం లేదు.

వార్త కోసం వెళ్లిన నాకు ఆ ఇంటి ముందు గోడవార కూర్చున్న నర్సన్న కనిపించాడు. అడగకుండానే, నేను అబద్ధం రాయలేదన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"రాయలే. అన్నీ మోగినయే రాసినవ్. నువ్వు రాసేనాటికి ఈ ఇంట్ల గంట ఊకె మోగక ఇరవై రోజులైంది తమ్మీ. గా ముచ్చట నువ్వు అడగలే."

ఆ తర్వాత ఆయన మణుగూరు వైపు పనికి వెళ్లిపోయాడు. మళ్లీ కలవలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రతి వార్తకూ అంతకు ముందు అరగంటలో ఏం జరిగిందో, ఆ తర్వాత ఏమైందో అడుగుతూ వచ్చాను. నిదానస్తుడినని డెస్కులో మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఏనాడూ ఒంటికి పట్టలేదు. అడగవలసిన ఇంట్లో అడగలేదు. పోపు ఘాటుకు తలెత్తినప్పుడు నాకు కనిపించేది గంట కాదు. ఆ నడవ పైకప్పులో, గంట విప్పాక మిగిలిన రెండు మరమేకుల రంధ్రాలు.