ఆకురాయి జారిన అంచు

ఆ ఊరి శివారు మట్టిరోడ్లను తొమ్మిదేళ్ళుగా చదును చేస్తున్న మనిషిని అందరూ ట్రాక్టరక్క అంటారు. మున్సిపాలిటీ ఆఫీసు కాగితాల్లో మాత్రం ఆమె ఊడ్చే మనిషి. పొద్దున్నే షెడ్డులోంచి చిన్న ట్రాక్టరును బయటికి తీసేది ఆమె. హాజరుపట్టీలో డ్రైవరు గడిలో సంతకం పెట్టేది ఇంజినీరుగారి బావమరిది. అతను పదింటికి వస్తాడు, సంతకం గీకుతాడు, చక్రాన్ని బూటుతో ఒకసారి తన్ని చూస్తాడు, టీకి పోతాడు. ఇన్నేళ్ళలో ఆ బండి మీద అతను కూర్చున్నది ఒక్కసారే, ఫొటో కోసం.

"పాపం, ఆ పూట ఎంత అలిసిపోయాడో!" అని చీపుళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

నవ్వులాట పక్కన పెడితే, ఆ ఏడాది డ్రైవరు ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తారని కబురొచ్చింది. బండి నడిపినట్టు రాతలో ఆధారం ఉన్నవాళ్ళకే ఇస్తారట. ట్రాక్టరక్క చేతులకు కాయలున్నాయి, నడుముకు నొప్పి ఉంది. కాగితం ముక్క ఒక్కటి లేదు.

అప్పుడే బాక్స్ బ్లేడు గొడవ వచ్చింది. ట్రాక్టరు వెనక తగిలించే ఇనుప పెట్టె అది. ముందు పళ్ళు నేలను పెళ్ళగిస్తాయి, కింది అంచు మట్టిని గీకుతుంది, పెట్టె ఆ మట్టిని మోసుకెళ్ళి గుంతల్లో నింపుతుంది. మూడేళ్ళలో రెండు పెట్టెలు పాడయ్యాయి. మొదటిదాని అంచు సబ్బుబిళ్ళలా అరిగిపోయింది. రెండోది నడివీధిలో, ట్రాక్టరుకు తగిలించే పిన్ను దగ్గర చిరిగి కూలబడింది. ఈసారి మన్నేదే కొనాలని, నడిపేవాళ్ళ అభిప్రాయం సంతకంతో సహా పంపాలని పైనుంచి ఉత్తరం వచ్చింది.

ఇంజినీరు ఆమెను పిలిచాడు. "చూడమ్మా, రేపు షాపుకొచ్చి నువ్వే ఎంచు. ఈసారి విరిగిందంటే నా తల విరుగుతుంది."

"ఎంచుతాను సార్. అభిప్రాయం కాగితం మీద నా పేరు రాస్తారా?"

"రాద్దాం, రాద్దాం. ముందు పెట్టె సంగతి చూడు."

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, సంచిలో ఆకురాయి పెట్టుకుంటుంటే అత్త గుమ్మంలోంచి చూసింది. ఆమె కూడా అదే ఆఫీసుకు ముప్ఫై ఏళ్ళు ఊడ్చిన మనిషి.

"నన్ను చూడటానికొచ్చిన రోజు మీ మామ కూడా ఇంత ముస్తాబవలేదే," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "వాళ్ళ మాట నమ్మకు. ముప్ఫై ఏళ్ళు ఊడ్చాను. చీపురైనా నా పేరున రాశారా?"

షాపు ముందు పెట్టెలు వరసగా మెరుస్తున్నాయి. షాపాయన బావమరిదికి కుర్చీ వేశాడు, ఇంజినీరుకూ అతనికీ చల్లటి నీళ్ళిచ్చాడు. ట్రాక్టరక్క సంచిలోంచి రెండు ముడులున్న తాడు తీసింది. ఆ ముడుల మధ్య దూరం, ట్రాక్టరు వెనక చక్రాల బయటి అంచుల మధ్య దూరం ఒకటే.

ఇంజినీరు కన్ను అన్నిటికంటే పెద్దదైన ఎర్ర పెట్టె మీద పడింది. ఆమె దానికి తాడు పట్టి చూసింది. "రెండు పక్కలా జానెడు జానెడు ఎక్కువుంది సార్. ఇది మన బండికి భారం. మట్టి నిండితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి వినదు."

"బలమున్న చెయ్యి పడితే అదే వింటుంది," అన్నాడు బావమరిది కుర్చీలోంచి.

"అయితే రేపు మీరే ఎక్కండి బాబూ."

బావమరిది గ్లాసులోకి చూస్తూ నీళ్ళు తాగాడు.

ఆమె వంగి ఎర్ర పెట్టె అంచు మీద ఆకురాయితో మూడుసార్లు రుద్దింది. ఇనప రజను బియ్యప్పిండిలా రాలింది. లోతైన గీతలు మూడు పడ్డాయి.

"అయ్యయ్యో! కొత్త సరుకమ్మా! కూరగాయలనుకున్నావా గిచ్చి చూడటానికి?" అన్నాడు షాపాయన.

"కూరగాయలకైతే గోరు చాలన్నా. ఇదీ దాదాపు అంత మెత్తగానే ఉంది."

నీలం పెట్టెకు పిన్ను దూర్చే చోట ఒక్క రేకే ఉంది. "ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడుతుంది సార్? పోయిన పెట్టె ఇక్కడే చిరిగింది," అంది. ఇక మూలన దుమ్ము కొట్టుకుపోయి, ఏ స్టిక్కరూ లేని బూడిదరంగు పెట్టె ఒకటి ఉంది. పిన్నుకు అటూ ఇటూ దళసరి రేకులు. వెల్డింగు చుక్కలు చుక్కలుగా కాకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగింది. అంచు మీద ఆకురాయి పెట్టి లాగితే కీచుమని జారిపోయింది. గీత పడలేదు. తాడు పట్టి చూస్తే రెండు పక్కలా రెండేసి వేళ్ళు ఎక్కువ, అంతే.

"ఇదే సార్. అంచు బోల్టులతో బిగించారు చూడండి. ఒకవైపు అరిగితే తిరగేసుకోవచ్చు. రెండోవైపూ అరిగితే అంచొక్కటే కొంటాం. పెట్టె మొత్తం పారెయ్యక్కర్లేదు."

ఇంజినీరు తలూపాడు. షాపాయన గ్యారంటీ కార్డు తీసి, "నడిపేవాళ్ళ పేరు?" అన్నాడు. ఎవరూ నోరు తెరవక ముందే ట్రాక్టరక్క తన పేరు చెప్పింది. అతను రాసేశాడు. సిరా ఆరేదాకా ఆమె చూపు తిప్పుకోలేదు.

వారం తిరక్కుండానే పెట్టె షెడ్డుకొచ్చింది. దాంతోపాటు కాగితాలూ వచ్చాయి. అభిప్రాయం కింద బావమరిది సంతకం ఉంది. గ్యారంటీ కార్డు కొత్తది, దాని మీద అతని పేరే.

ఆమె ఆ కార్డు పట్టుకుని ఇంజినీరు గదికి వెళ్ళింది. ఆయన తలెత్తకుండానే అన్నాడు: "నువ్వు నడుపుతున్నట్టు రాస్తే, ఊడ్చే మనిషికి బండెవరిచ్చారని అడుగుతారు. ముందు పోయేది నీ ఉద్యోగమే. నీ మంచికే చెబుతున్నా."

"తొమ్మిదేళ్ళుగా ఇచ్చింది మీరే కదా సార్?"

"నోటితో ఇచ్చానమ్మా. రాతలో ఎక్కడిచ్చాను?"

కష్టం చేసేవాళ్ళకు మాట ఇస్తారు, కూర్చున్నవాళ్ళకు రాసి ఇస్తారు. ఏ ఆఫీసులో చూసినా ఇదే న్యాయం.

ఆమె కార్డు కింది చిన్న అక్షరాలను కూడబలుక్కుని చదివింది. పేరు రాసినవారు కాక వేరొకరు నడిపితే గ్యారంటీ చెల్లదట. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "నేనెక్కితే గ్యారంటీ పోతుంది సార్. పేరున్నవారినే ఎక్కమనండి." బయటికొచ్చి చీపురు పట్టుకుంది.

మర్నాడు బావమరిదికి ఎక్కక తప్పలేదు. ఆసుపత్రి వీధి మొదట్లోనే పెట్టెను ఒక్కసారిగా దించేశాడు. పళ్ళు జానెడు లోతుకు దిగి మంచినీళ్ళ పైపును చీల్చాయి. నీళ్ళు మనిషెత్తున ఎగిశాయి. అతను బండి దిగి, బురదైన బూట్లు చూసుకుంటూ, "పైపు ఇంత పైన వేసిందెవడ్రా!" అని అరిచాడు.

వీధి వీధంతా బయటికొచ్చింది. తిట్లన్నీ చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషి మీదే పడ్డాయి. "ఏంటక్కా, గుడ్లప్పగించి చూస్తున్నావ్? అతనికి రాదని నీకు తెలీదా?"

ఆమె కదల్లేదు. ఇంతలో మంచం మీద రోగిని మోసుకొస్తున్న ఇద్దరు బురద అంచున ఆగిపోయారు. పంతం ఆమెది, బురద జనానిది. చీపురు గోడకు ఆనించి, నీళ్ళు కట్టేయించి, బండెక్కింది. పైపువాళ్ళు అతుకు వేసుకోవడానికి గుంత వదిలి, పక్క నుంచి మంచం పట్టేంత దారి పావుగంటలో చేసింది. మిగతా వీధి మధ్యాహ్నానికి అరచేతిలా చదునైంది. ఆ రోజు పని పుస్తకంలో డ్రైవరు గడిలో సంతకం బావమరిదిదే.

నాలుగు నెలలకు పర్మనెంటు ఉత్తర్వు అతని పేరున వచ్చింది. మన్నికైన పనిముట్టును ఎంచి ఆఫీసుకు మేలు చేశాడని అందులో ఒక వాక్యం ఉందట. ఆ మాట విని అత్త కోడలి కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది.

మరుసటి వారం ట్రాక్టరక్క ఎప్పట్లాగే బండి మీద షాపు ముందు నుంచి వెళ్తుంటే ఎర్ర పెట్టె ఇంకా అక్కడే ఉంది. ఆకురాయి గీతలు మూడూ తుప్పు పట్టి, రోడ్డు మీదికే కనిపిస్తున్నాయి.

"నీ గీతలు చూసి దీన్నెవరూ కొనట్లేదమ్మా!" షాపాయన లోపలి నుంచే అరిచాడు. "మరి నీ పెట్టె ఎలా ఉంది?"

ఆమె బండాపి దిగింది. బూడిదరంగు పెట్టె అంచు మీద, ఆనాడు ఆకురాయి పెట్టిన చోట బొటనవేలితో తడిమింది. నున్నగా ఉంది. ఏ గుర్తూ లేదు.

"నాది కాదన్నా, ఆఫీసుది," అంది. "బాగుంది."