చెరువు పక్కన చెప్పులు

బేరిగై దగ్గరి చెరువు పక్కన పాతకాలపు రాతి సమాధులు ఉండేవి. వాటిని చూపించడానికి ఏటా బడిపిల్లల్ని తీసుకొచ్చే టీచరమ్మకు ఒక అలవాటు. నిలబెట్టిన బండలు, వాటిమీద కప్పిన పలకలు కనబడగానే ఆగి, ముందు తన చెప్పులు విడిచేవారు.

"మీరూ ఇడవండప్పా. మనకంటే ముందు ఈ ఊర్లో బతికినోళ్లు ఈడ పండుకోనుండారు."

"ముండ్లుండాయి మేడమ్" అని ఎవరో ఒకరు గునిసేవారు.

"గుచ్చుకుంటే నేను తీస్తాలే. ఒకరింట్లోకి చెప్పులతో పోతావా నువ్వు?"

చివరిసారి తోటి టీచరుగా నేనూ వెంట వెళ్లాను. సమాధులు లేవు. నేలంతా చదును చేసి, ఇళ్ల ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. పై పలకలు ముక్కలై గట్టు కింద పడి ఉన్నాయి. అక్కలో అన్నలో ముందే చెప్పి పంపినట్టున్నారు, ఎవరూ అడగకుండానే పిల్లలు చెప్పులు విడిచి వరుసగా నిలబడ్డారు.

"వాళ్లు యాడుండారు మేడమ్?" అంది ముందున్న పిల్ల.

ఆవిడ ఆ ముక్కలకేసి చూశారు. తన చెప్పులు మాత్రం విడవలేదు.

"ముండ్లుండాయి, తొడుక్కోండమ్మా" అన్నారు.