మా అత్త నల్లరంగు కుండ

మొన్న ఆదివారం మా మేనల్లుడు, అంటే మా తమ్ముడి కొడుకు, బెజవాడ భవానీపురంలో మా ఇంటికి వచ్చి భోజనాల బల్ల మీద ఒక సీసా పెట్టాడు. వాడు బెంగళూరులో బీరు తయారుచేసే చోట ఉద్యోగం చేస్తున్నాడు, ఇరుగుపొరుగు వాళ్ళకి మాత్రం కూల్‌డ్రింకుల కంపెనీ అని నేనే చెప్పుకుంటూ వస్తున్నాను. డెబ్బై దాటి, ముప్ఫయ్యేళ్ళు బడిలో పిల్లలకు నీతులు చెప్పి రిటైరైన మనిషిని, నా బల్ల మీదే అది పెట్టేసరికి కోపం వచ్చిన మాట నిజం. ఇలాంటివి మన ఇంటావంటా లేవురా అని కసిరాను. వాడు నవ్వి, ఇందులో నేరేడుపళ్ళు వేశామత్తా, ఒక్క చెంచాడు నాలిక మీద వేసుకుని ఎలా ఉందో చెప్పు చాలు అన్నాడు.

పూర్వం ఏవో చలిదేశాల్లో రైతులు కోతలకొచ్చే కూలీల కోసం ఇలాంటి బీరుని ఇళ్ళలోనే కాచుకునేవారట. పులియబెట్టడానికి ఈస్టు కొనే పని లేకుండా, గాలిలోనూ పళ్ళ తొక్కల మీదా పీపా చెక్కల సందుల్లోనూ తనంతట తాను ఉండేదానితోనే పని కానిచ్చేవారట. ఆ పీపాను శుభ్రంగా తోమేస్తే అందులోది చచ్చిపోతుందని, అందుకే అడుగున కాస్త మడ్డి ఎప్పుడూ ఉంచేస్తామని వాడు చెబుతుంటే నేను చెంచా అవతలికి జరిపాను. వద్దు వద్దంటూనే చెంచాడు నోట్లో వేసుకున్నాను.

ముందు పులుపు తగిలింది, తర్వాత నేరేడు వగరు, అన్నిటికంటే చివర నాలుక మొదట్లో ఎక్కడో పాత ఇనుము వాసన. ఆ చివరిదానితో నేను భవానీపురంలో లేను. బందరు దగ్గర మా ఊళ్ళో, మా పెరట్లో, గిలక బావి పక్కనున్న రేకుల పంచలో, మూతికి గుడ్డ కట్టిన ఒక నల్లటి కుండ ముందు పదకొండేళ్ళ పిల్లనై నిలబడి ఉన్నాను.

మాది గుడ్డల మీద చెక్క అచ్చులతో పూలూ లతలూ అద్దే ఇల్లు. అచ్చులు అద్దేది మా నాన్న, కానీ పూలకీ ఆకులకీ అంచుగీత నలుపులో పడాలి, ఆ నలుపు మాత్రం మా మేనత్తది. నాన్నకంటే ఆరేళ్ళు పెద్ద. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన మనిషి వంటింట్లో ఒక మూల సర్దుకుపోతుందని అందరూ అనుకుంటే, పెరట్లో పంచ వేయించుకుని, అత్తవారింట నేర్చుకున్న నల్లరంగు కుండ పెట్టుకుంది. తుప్పు పట్టిన లాడాలు, మేకులు, తాటిబెల్లం, నీళ్ళు, నేరేడుపళ్ళ రోజుల్లో దోసెడు చిదిమిన పళ్ళు, ఇంతే అందులో వేసేవి. నేరేడుపళ్ళు వేయడం మా చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. మూడు వారాలు పులిశాక ఆ నీళ్ళు చూడటానికి టీ నీళ్ళలాగే ఉండేవి గానీ, కరక్కాయ కషాయంలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద అచ్చు పడగానే, మన కళ్ళ ముందే గీత నల్లబడిపోయేది. ఆ నలుపు కోసం బెజవాడ షావుకారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆయన నాన్నతో మాట్లాడుతూనే, అక్కగారు ఎప్పుడివ్వగలరంటారండీ అని లోపలికి చూసేవాడు. అత్త గడప దగ్గరికి వచ్చి రోజు చెప్పాకే బేరం కుదిరేది.

ఆ కుండను ఎన్నడూ కడిగేది కాదు. పాత నీళ్ళు వాడేశాక అడుగునున్న మడ్డిని పెరుగుకి తోడులాగా ఉంచి, దాని మీదే కొత్తవి పోసేది. తయారైందో లేదో చూడటానికి చిటికెన వేలి కొస ముంచి నాలుకకి తగిలించుకుని, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, ఇంకో రెండ్రోజులు అనో, రేపు అద్దేయొచ్చు తమ్ముడూ అనో అనేది. ఆ మాటకి తిరుగుండేది కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా వానలు మొదలయ్యే రోజుల్లో అత్తకి టైఫాయిడ్ వచ్చింది. అప్పట్లో ఆ జ్వరమంటే ఇంట్లో వాళ్ళకి ఎంత గుబులో మా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు. బెజవాడ ఆసుపత్రికి తీసుకుపోతుంటే, గూడుబండిలో దుప్పటి కప్పుకుని పడుకున్న అత్త నన్ను దగ్గరికి పిలిచి, నాలుగు రోజులకోసారి కుండలో నిమ్మకాయంత బెల్లం వేసి గుడ్డ కట్టెయ్యమని, ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వొద్దని చెప్పింది. ఆ కుండలో నీళ్ళు అప్పటికే పది రోజులు పులిశాయి. ఎవరో పెళ్ళివారి కోసం షావుకారు తెచ్చిన తానులు ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి.

వారం తిరక్కుండానే కుండ మీద తెల్లటి తెట్టు కట్టింది. వాసన ఘాటెక్కింది, ఏవో చిన్న పురుగులు తేలాయి. అది అలాగే ఉంటుందని నాకు తెలియదు, ఎందుకంటే అత్త ఎప్పుడూ నన్ను దాని మీదికి వంగి చూడనివ్వలేదు. నాకు అప్పగించినది నా చేతుల్లో కుళ్ళిపోయిందని హడలిపోయాను. మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చినప్పుడు, ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే కుండను మోసుకెళ్ళి పెరటి వెనకున్న కాలవలో పారబోశాను. కొబ్బరి పీచూ బూడిదా పెట్టి, లోపలి మట్టి ఎర్రగా కనబడేదాకా తోమాను. మేకులూ లాడాలూ కడిగి మళ్ళీ వేసి, కొత్త బెల్లం, కొత్త నీళ్ళు, నాలుగు నేరేడుపళ్ళు వేసి గుడ్డ కట్టి, ఏమీ ఎరగనట్టు బడికి వెళ్ళిపోయాను. మంచిపనే చేశాననుకున్నాను కూడా.

పంతొమ్మిది రోజులకి అత్త తిరిగొచ్చింది. జుట్టంతా రాలిపోయి, రవిక భుజాల మీంచి జారిపోతూ ఉంది. కాళ్ళయినా కడుక్కోకుండా పంచలోకి నడిచి, గుడ్డ విప్పి, వేలు ముంచి నాలుకకి పెట్టుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండిపోయింది.

"పచ్చిగా ఉందేమిటే? తియ్యగా తగుల్తోంది. నువ్వేమన్నా పారబోశావా?"

"లేదత్తా. నువ్వు చెప్పినట్టే బెల్లం వేశాను."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు, ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటికీ తెలియదు. మళ్ళీ ఒకసారి వేలు ముంచి చూసి, ఆ మాత్రలు మింగీ మింగీ నాలిక చచ్చుబడినట్టుందిలే, రోజుల లెక్క ప్రకారం ఎప్పుడో అయిపోయుండాలి, అద్దేయి తమ్ముడూ అంది, వెనకే వచ్చిన నాన్నతో. ఆమె నాలుక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె దాన్ని నమ్మలేదు, నన్ను నమ్మింది.

నలుపు పలచగా పడింది. ఆరితే ముదురుతుందనుకున్నారు. కాలవలో ఉతికేసరికి పూల చుట్టూ గీతలన్నీ కరిగిపోయి బూడిదరంగు మరకలు మిగిలాయి. నాన్న మోకాలి లోతు నీళ్ళలో ఆ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, గట్టు మీద అత్త. నేను అక్కడే ఉన్నాను, నోరు తెరిస్తే చాలు, తెరవలేదు. షావుకారు కోప్పడలేదు, మర్యాదగానే తానులు చూసి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

తర్వాత అత్త ఒకటి రెండుసార్లు కుండ పెట్టింది. కానీ వేలు నాలుకకి తగిలించుకున్న ప్రతిసారీ సందేహమే, తమ్ముడూ నువ్వు చూడు, మరదలా నువ్వు చూడు అని ఇంటిల్లిపాదినీ పిలిచేది, మాకెవరికీ ఆ రుచి తెలియదు. చివరికి నాన్న బజారులో దొరికే నల్లపొడికి మారాడు. పంచలో కట్టెలు పేర్చారు. అప్పటిదాకా ఆ ఇంటికి ఆడపడుచుగా మాట చెల్లించుకున్న మనిషి, ఆ వానాకాలం వెళ్ళేసరికి వంటమనిషి అయిపోయింది.

చెబుదామని అనుకోని ఏడాది లేదు. ఉద్యోగం వచ్చినప్పుడు అనుకున్నాను, పెళ్ళైనప్పుడు అనుకున్నాను. ఆమె మంచాన పడ్డాక ఒకనాడు నిజంగానే మొదలుపెట్టాను, అత్తా ఆ కుండ సంగతి అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, నువ్వు చిన్నపిల్లవైనా ఎంత జాగ్రత్తగా చూసుకున్నావే, నా నాలికే నన్ను మోసం చేసింది అంది. ఆ మాట విన్నాక దుప్పటి సర్ది, లేచి వచ్చేశాను. ఆమె పోయి ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఇప్పటికీ పళ్ళు మగ్గిన వాసన వస్తే నేను ఆ గది దాటి వెళ్ళిపోతాను.

మొన్న మాత్రం వెళ్ళలేదు. వాడు పోసిచ్చిన గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంటే, మేనల్లుడు తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. పోయిన నెల ఒక పీపాకి మీటర్లన్నీ సరిగ్గానే చూపించాయట, వీడి నాలుకకి మాత్రం తేడాగా తగిలిందట. "మా సారు ఒక్క మాట అడగలేదత్తా. నీ నాలిక ఏం చెబితే అదే అన్నారు. మొత్తం పారబోశాం." అప్పుడు వాడికి చెప్పాను, అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది, మొదటి నుంచీ చివరిదాకా. వాడు ఓదార్పు మాటలు చెప్పకుండా, ఆ కుండలో ఏమేం వేసేవారో మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు, అందుకు వాడి మీద గౌరవం కలిగింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఏ పెరట్లోనూ అలాంటి కుండ లేదంటారు. నా వంటింట్లో ఉప్పు డాక్టరు చెప్పిన కొలత చెంచాతో పడుతుంది, సరిపోయిందా అని అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు. మా అత్త మాత్రం ఆ జ్వరం తర్వాత బతికినన్నాళ్ళూ, నేను ఎప్పుడు పుట్టింటికి వెళ్ళినా, పొయ్యి మీది కూర గరిటెతో తీసి నా అరచేతిలో వేసి, ఉప్పు చూడవే, నాకు తెలియదు అనేది. ఉప్పు ఏనాడూ తగ్గలేదు, ఏనాడూ ఎక్కువ కాలేదు. సరిపోయిందత్తా అనేదాన్ని. నువ్వు చెప్పావుగా, అయితే సరే అని గిన్నె దించేది.