టీ చెప్పే తీర్పు

మెకానిక్‌కి మీటర్లంటే గిట్టదు. సిగ్నల్ దగ్గర కారు వణికి ఆగిపోతోందని ఎవరొచ్చినా, ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టం విప్పి మసి తుడుస్తాడు. తర్వాత ఇంజను ఆన్ చేసి, దానిమీద నిండు టీ గ్లాసు పెడతాడు. పక్కన నిలబడి, పుట్టినప్పట్నుంచీ ఉన్న అలవాటుగా కాలు ఊపుతూ, టీ వంక గుడ్లప్పగించి చూస్తాడు. టీ కదలకపోతే పనైనట్టే. ఆ టీ తనే తాగేస్తాడు.

ఆ రోజు మాత్రం బంపరుకి మోకాలు ఆనించి నిలబడ్డాడు. టీ వణుకు మానలేదు. మళ్ళీ మసి తుడిచాడు. కొత్త వాల్వు వేశాడు. కారు తయారుచేసినవాడి తాతముత్తాతలందర్నీ తలుచుకున్నాడు. టీ మీద మీగడ కట్టింది, ఆ మీగడా వణికింది. క్యారేజీ తెచ్చిన భార్య కాసేపు చూసి, “ముందు ఇంజను ఆపు,” అంది. ఆపాడు. అయినా టీ వణుకుతూనే ఉంది! కారు ఓనరు నోరు తెరిచాడు. “మా ఇంట్లో మంచానికీ ఇదే రోగం, అన్నయ్యగారూ,” అందావిడ. “ఆ ఊపే కాలు బంపరు మీంచి తీయమనండి.”

కాలు తీసి, ఇంజను మళ్ళీ ఆన్ చేశాడు. టీ అద్దంలా నిలిచింది. మెకానిక్ ఏమాత్రం తొణక్కుండా గ్లాసందుకుని ఓ గుటక వేసి, “చూశారా సార్, కొత్త వాల్వు పడగానే ఎలా కుదురుకుందో!” అన్నాడు.